తీరం దగ్గరి ఆరు సెంటీమీటర్లు

నాంపల్లి ఇంటి బాల్కనీలో ముసురు పట్టిన పొద్దున తడి బట్టలు ఆరేస్తున్న మాబెల్‌ని చూసి బడిపంతులైన భర్త దేవప్రసాద్ నవ్వాడు. "గాలిల తేమ లెక్కగట్టే ఆఫీసరమ్మవు గదా, నా అంగీ స్కూల్ టైంకి ఆరతదా లేదా జర చెప్పు." అత్తమ్మ కూడా నవ్వింది. పదమూడేళ్లుగా వింటున్న మాటే. మాబెల్ ఆ తడి అంగీని ఇస్త్రీపెట్టెతో నొక్కి నొక్కి ఆరబెట్టి ఇచ్చింది.

ఆమె పని నిజంగా తేమ లెక్కే. ఉపగ్రహం పంపిన సంకేతం సముద్రాన్ని తాకి తిరిగొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసి నీటిమట్టం చెబుతారు. దారిలో ఆవిరి ఉంటే సంకేతం ఆలస్యమై, సముద్రం కిందికి ఉన్నట్టు తేలుతుంది. ఆ ఆలస్యం ఎంతో కనిపెట్టి తీసెయ్యాలి. తీరం దగ్గరే చిక్కు. ఆవిరిని కొలిచే పరికరానికి నేల కూడా తగిలి, లేని ఆవిరిని ఉన్నట్టు చూపిస్తుంది. పాత ఉపగ్రహం నాటి కొలతలన్నీ అలాగే చెడ్డాయని, లేని ఆవిరికి కూడా ఆలస్యం తీసేసినందుకు అప్పటి సముద్రం ఎత్తుగా కనబడి ఇప్పటి పెరుగుదల తక్కువగా తేలిందని మాబెల్ రెండేళ్లు కూర్చుని పట్టుకుంది. తేడా ఆరు సెంటీమీటర్లు. ఈ లెక్కలతో ఆఫీసు తయారుచేసిన నివేదిక చూసే ఒక జాలరిపల్లెకు అడ్డుగోడ ఎంతెత్తు కట్టాలో నిర్ణయిస్తారు.

అబిడ్స్ ఆఫీసులో పై అధికారి విజయేందర్‌కి వారం కిందటే చెప్పింది. "గింత దానికి లొల్లి ఏందమ్మా? రిపోర్టు అచ్చయింది. అయిదు కొట్టంగనే ఇంటికి ఉరుకుతవ్, నీకెందుకివన్నీ? చెక్ చేసినట్టు సంతకం పెట్టు" అన్నాడాయన. ఇంట్లో చెబితే దేవప్రసాద్ అన్నం కలుపుతూ, "ముందు కూరల ఉప్పు సరిజూస్కో" అన్నాడు. ఆమె చెయ్యి దానంతటదే ఉప్పుగిన్నెను అటు జరిపింది. ఆ చేతిమీద ఆమెకు ఎంత అసహ్యం వేసిందో! ఇంట్లోనూ ఆఫీసులోనూ తాను సరిచేసినవన్నీ మొదటినుంచీ సరిగానే ఉన్నట్టు చలామణి అయ్యాయి. తప్పు ఎవరికీ కనబడకుండా చేసీ చేసీ, తానే కనబడకుండా పోయింది.

మధ్యాహ్నం గోడ సంగతి తేల్చే కమిటీ వచ్చింది. కమిటీకి పెద్ద అయిన ఇంజనీరు అనసూయ ఎదురుగా కూర్చుంది. విజయేందర్ సంతకాల కాగితం మాబెల్ వైపు తోశాడు. "సంతకం పెట్టి జర చాయ్ సంగతి చూడు."

మాబెల్ లేవలేదు. "చాయ్ అటెండర్ తెస్తడు సార్." అనసూయ వైపు తిరిగింది. "మేడమ్, ఈ లెక్క తప్పు. సముద్రం పెరిగింది ఆరు సెంటీమీటర్లు తక్కువ జూపెట్టిన్రు. గోడ పొట్టిదైతది. నేను సంతకం పెట్టను."

అనసూయ కళ్లద్దాలు తీసింది. "ఎవరు పట్టుకున్నరిది?"

"చిన్న డౌట్ మేడమ్, మా టీం చూస్తున్నది..." విజయేందర్ అందుకున్నాడు.

"టీం కాదు మేడమ్," అంది మాబెల్. "నేను."

అనసూయ నివేదిక మూసి పక్కన పెట్టింది. "అయితే మీరే చెప్పుండ్రి."

విజయేందర్ చూసిన చూపుకి రేపటి ఆఫీసు ఎట్లా ఉంటుందో మాబెల్‌కి తెలిసిపోయింది. ఉప్పుగిన్నె జరిపిన ఆ చేతితోనే తన లెక్కల కాగితాలు బల్లమీద పరిచింది.