పలికే బండి

మా ఆయన దావూద్ చేతికి దొరికిన ప్రతి వస్తువునూ వేలి కణుపుతో తట్టి చూస్తాడు. బేతంచెర్లలో ఆయనది పాలిష్ బండల వ్యాపారం. బండ ఎంత నున్నగా ఉన్నా లోపల సన్న పగులుంటే కంటికి కనబడదు, చెవికి తెలుస్తుంది. తట్టినప్పుడు ఖంగుమంటే అది పలికే బండ. డబ్బుమంటే మూగది. మూగబండను ఆయన ఎవరి దగ్గరా కొనడు, ఎవరికీ అంటగట్టడు.

ఆ అలవాటు బండలతో ఆగితే బాగుండేది. పుచ్చకాయలను తడతాడు, బిందెలను తడతాడు, చుట్టాలు కట్టుకున్న కొత్త ఇంటికి పోతే గోడలను తడతాడు. మా పెళ్లి మాటలకు వచ్చిన రోజు షర్బత్ గ్లాసును తట్టి, తాగకుండానే మా అమ్మకు తిరిగి ఇచ్చాడు. నిజంగానే దాని అడుగున పగులుంది. మేనత్త కొడుకు కాబట్టి మా ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోలేదు. నేను మాత్రం అనుకున్నాను, ఈ మనిషి దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలని.

అలాంటి మనిషి మొన్న మాఘమాసపు ఎండలో, చాయ్ చల్లారిపోతున్నా చూడకుండా ఫోన్‌లో ఒక జీపు బొమ్మను పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాడు. ముదురాకుపచ్చ రంగు. రెండే తలుపులు. పైకప్పు తీసి పక్కన పెట్టుకోవచ్చు. కర్నూలులో సుంకప్ప అనే పాతకార్ల వ్యాపారి దగ్గర ఉందట. మన ఎనిమిది సీట్ల బండి ఇచ్చేస్తే అది ఇస్తాడట.

"దీనికి కప్పు లేదే నాయనా, వాన వస్తే?" అని అడిగింది మా అత్త గుల్షన్ బీ, తొంగి చూసి.

"కప్పు ఏసుకోవచ్చు మా."

"అయినా మన దిక్కు వాన యాడ వస్తాదిలే," అని తనకు తానే జవాబు చెప్పుకుంది అత్త.

నేను అంత తేలిగ్గా వదలలేదు. బియ్యం మూటలు ఎక్కడ పెడతావని అడిగాను. మోకాళ్ల నొప్పితో అత్త అంత ఎత్తుకు ఎట్లా ఎక్కుతుందని అడిగాను. ఇంటి చుట్టూ పాలిష్ ఫ్యాక్టరీలు, గాలి వీస్తే తెల్ల దుమ్ము. కప్పులేని బండిలో ఊరు దాటేసరికి ముగ్గురం పిండిమరలోంచి బయటికి వచ్చినట్టు ఉంటామన్నాను. బద్వేలు నుంచి కూతురు, అల్లుడు, పిల్లలు వస్తే ఎక్కడ కూర్చోబెడతావన్నాను.

ఆయన అన్నీ విన్నాడు. "నువ్వు చెప్పేది నిజమే," అన్నాడు. ఫోన్ మాత్రం జేబులో పెట్టలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎనిమిది సీట్ల బండి నా పేరు మీద ఉంది. నేను సంతకం పెట్టకపోతే అది గడప దాటదు. ఆయన బతిమాలే మనిషి కాదు, అరిచే మనిషీ కాదు. పది రోజులు ఆ ఫోన్‌ను అలా చూస్తూనే ఉన్నాడు. పదకొండో రోజు నేనే అన్నాను, "పోయి చూసొద్దాం. సంతకం సంగతి అక్కడ చెప్తా." వద్దని చెప్పడానికే బయలుదేరాను. చూశాక చెబితే ఊహల మీద వద్దంటున్నానని అనిపించుకోను కదా.

అత్త కూడా వచ్చింది. ఎప్పటిలాగే ఆమె ముందు సీట్లో, నేను అన్నిటికంటే వెనక, టిఫిన్ గిన్నెల పక్కన.

సుంకప్పది నంద్యాల రోడ్డు మీద రేకుల షెడ్డు. ఆయన మాకు చాయ్ తెప్పించాడు. దావూద్ గ్లాసును తట్టి చూసి తాగాడు. కూర్చున్న బల్లను తట్టాడు. షెడ్డు స్తంభాన్ని కూడా తట్టాడు. తరువాత జీపు దగ్గరికి నడిచాడు.

ఎండలో అది బాగా మెరుస్తోంది. నేనేమీ అబద్ధం చెప్పను, బాగుంది. దావూద్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బానెట్ మీద అరచేయి ఆనించాడు, పసిబిడ్డకు జ్వరముందేమో చూసినట్టు. సుంకప్ప తాళం ఇచ్చాడు. అత్త స్టూలు వేయించుకుని, "పట్టుకోండప్పా, పడితే మీ పేరే చెప్తా," అంటూ ముందు సీటు ఎక్కేసింది. ఇద్దరూ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చారు. అత్త తలమీది కొంగు మెడ చుట్టూ చుట్టుకుపోయి ఉంది. ఆమె నవ్వుతోంది.

"ఎట్లుండాది?" అని అడిగాడు సుంకప్ప.

"శానా బాగుండాది," అన్నాడు దావూద్.

అప్పుడు తట్టింది నా బుర్రకు. చాయ్ గ్లాసును తట్టిన మనిషి, స్తంభాన్ని తట్టిన మనిషి, ఈ జీపును తట్టలేదు. అరగంట నుంచి దాని చుట్టూ తిరుగుతున్నాడు, ఒక్కసారి కూడా తట్టలేదు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన తట్టకుండా నమ్మిన వస్తువును నేను చూడటం అదే మొదలు.

వాళ్లిద్దరూ ఇంజను గురించి మాట్లాడుకుంటుంటే నేను అటువైపు వెళ్లాను. వేలి కణుపుతో బానెట్ మీద కొట్టాను. పలికింది. కుడి తలుపు పలికింది. వెనక రేకు పలికింది. ఎడమ తలుపు కింద, చక్రం మీది వంపు దగ్గర కొట్టాను. డబ్బుమంది. జానెడు పక్కకు జరిగి కొట్టాను. అదీ డబ్బుమంది.

నాకు కావలసింది దొరికింది. ఒక్క మాట అంటే చాలు, బియ్యం మూటలూ దుమ్మూ మోకాళ్లూ ఏవీ అక్కరలేదు. కానీ ఆయన మొహం చూశాక ఆ మాట నోటికి రాలేదు. పెళ్లయిన కొత్తలో ట్రాక్టర్, తరువాత లోడు ఆటో, తరువాత ఈ ఎనిమిది సీట్లది. ఆయన నడిపిన బండ్లన్నీ ఎవరినో ఎక్కడికో, దేన్నో ఎక్కడికో చేర్చడానికి కొన్నవే. చెప్పకుండా ఊరుకుంటే ఈ రోజుకు సంతోషమే. కానీ ఏదో ఒక రోజు బండి కడుగుతూ తనే తడతాడు. ఆ రోజు నుంచి ఆ జీపు మొహం చూడడు.

"ఒకసారి ఈడికి రా," అని పిలిచాను. "ఈడ కొట్టి చూడు."

సుంకప్ప నవ్వాడు. "ఇది బండి మా, బండ కాదు."

దావూద్ నవ్వలేదు. వంగి తట్టాడు. పైన తట్టాడు, కింద తట్టాడు, మళ్లీ మధ్యలో తట్టాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మూగది సుంకప్పా. రేకు పోయిన చోట పుట్టీ పెట్టి పైన రంగు ఏసినారు."

"నాకు ఎట్ల వచ్చిందో అట్లనే పెట్టినా అప్పా. ఒట్టు." సుంకప్ప షెడ్డులోకి పోయి పాత స్పీకరు తాలూకు అయస్కాంతం తెచ్చి తలుపుకు ఆనించాడు. కుడి తలుపుకు గట్టిగా పట్టుకుంది. ఎడమ వైపు వంపు దగ్గర పట్టలేదు, జారి నేలమీద పడింది. ఆయన మొహం కూడా చిన్నబోయింది. "అబ్బ, నన్ను కూడా ముంచినారే," అన్నాడు.

మళ్లీ ఎనిమిది సీట్ల బండిలోనే ఇంటికి బయలుదేరాం. దారిలో అత్త అంది, "ఏమైనా చెప్పు, గాలి మాత్రం బాగుండె. ఈ దాంట్లో ఏసీ వాసనకు నాకు కడుపులో తిప్పుతాది."

"తొమ్మిదేండ్ల నుంచి ఎప్పుడూ చెప్పలేదేం మా?"

"ఎవరు అడిగినారు?"

నేను వెనక గిన్నెల పక్కన కూర్చుని లెక్క వేశాను. పోయిన ఏడాది ఈ ఎనిమిది సీట్లూ నిండింది ఐదుసార్లు. ఒకసారి బద్వేలు పిల్లలు వచ్చినప్పుడు. మిగతా నాలుగుసార్లూ పక్కింటి ఇమాం వలి చుట్టాలు పెళ్లిళ్లకు తీసుకుపోయినప్పుడు. బియ్యం మూటలు కొట్టువాడే ఆటోలో వేసి పంపుతాడు. నేను ఏకరువు పెట్టిన వాటిలో దుమ్ము ఒక్కటే నిలబడింది. దుమ్ము బేతంచెర్లలో బండి లోపల ఉన్నా తప్పదు.

"మైదుకూరులో ఇంకోటి ఉందని ఫోన్‌లో చూసినావు కదా," అన్నాను.

అద్దంలో ఆయన కళ్లు నా వైపు తిరిగాయి. "నువ్వు వద్దంటివి కదా."

"ఆ జీపును వద్దంటి. పలికేది చూద్దాం."

"నాకు తట్టాలని మతికి ఉండదు మే. ముందర నిలబడితే చెయ్యి లేవదు."

"తెలుసులే. నేను కొడతా."

తరువాతి ఆదివారం మైదుకూరు వెళ్లాం. ఇది కొంచెం పాతది, ఇటుక రంగు, సీట్లు అక్కడక్కడా చిరిగి ఉన్నాయి. దావూద్ చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నేను ముందు నుంచి వెనక వరకూ, తలుపుల కింద, చక్రాల మీద, ఒక్క జానెడు కూడా వదలకుండా తట్టాను. అమ్మే ఆయన ఏమీ అర్థంకాక నన్నూ దావూద్‌నూ మార్చి మార్చి చూశాడు.

"ఏమంటాది?" అని అడిగాడు దావూద్, బండలు కొనడానికి వచ్చినవాళ్లు ఆయన్ను అడిగినట్టే.

"ఈ మూల నుంచి ఆ మూల దాకా పలుకుతాండాది," అన్నాను. పెన్ను ఎక్కడని అడిగాను.

ఎనిమిది సీట్ల బండిని అమ్మే ఆయనకు ఇచ్చేస్తూ సంతకం పెట్టి తలెత్తేసరికి అత్త అప్పుడే స్టూలు వేయించుకుని ముందు సీట్లో కూర్చుని ఉంది. నేను మళ్లీ వెనకే ఎక్కాను. అయితే ఈసారి నా పక్కన గిన్నెలు పెట్టడానికి చోటు లేదు. ఊరు దాటాక దావూద్ కప్పు తీశాడు. పాత బండి ఇక లేదని ఇమాం వలికి ఎవరు చెప్పాలో ముగ్గురం వాదించుకుంటూ, గాలికి మాటలు సరిగా వినబడక ఒకరి మీద ఒకరం అరుచుకుంటూ, ఇంటికి వచ్చాం.