ఏంజెల్ ఎడమచెయ్యి

ఎడమచేత్తో ఏదైనా అందుకునేవాళ్ళంటే మార్తమ్మకు ఒళ్ళు మంట. చేపల చెరువు దగ్గర కూలివాడు ఎడమచెయ్యి చాపాడంటే, ఇవ్వబోయిన టీ తిరిగి ఫ్లాస్కులో పోసేసే మనిషి. అలాంటిది సొంత మనవరాలు, ఎనిమిదేళ్ళ ఏంజెల్, ఏదిచ్చినా ఎడమచెయ్యే చాపుతోంది.

కారణం తనకు తెలుసనే అనుకుంది మార్తమ్మ. వేసవి సెలవుల్లో పిల్ల సైకిలుతో సహా చెరువు గట్టు మీంచి దొర్లింది. దగ్గర్లోని ఓ చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ముంజేతి ఎముక విరిగిందని కుడిచేతికి సిమెంటు కట్టు వేశారు. కట్టు విప్పారు గానీ, అన్నాళ్ళూ వాడిన ఎడమచేతి అలవాటు మాత్రం పోలేదు.

"సిమెంటుతో పాటు దీని బుద్ధి కూడా గట్టిపడిపోయిందండీ," అని మార్తమ్మ మండవల్లి ఊరంతా చాటింది. బుద్ధి చెప్పే పనీ తనే నెత్తిన వేసుకుంది. ఎడమచెయ్యి చాపితే వేళ్ళ మీద ఒకటి తగిలించేది. కుడిచేత్తో తినమంటే, పిల్ల ముద్ద నోటిదాకా తేలేక కంచంలోకి తల వంచేది. "కోడిపిల్లలాగా ఆ తినడమేంటే!" అని దానికింకొకటి.

ఆ ఆదివారం చర్చిలో, చివరి ప్రార్థన సాగుతుండగానే పాస్టరుగారి భార్య స్నేహలత పిల్లలకు లడ్డూలు పంచడం మొదలుపెట్టింది. ఏంజెల్ ఎడమచెయ్యి చాపింది. ఊరందరి ముందూ మార్తమ్మ పరువు పోయింది. గభాల్న ఒక చేత్తో పిల్ల కుడి మణికట్టు, రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని అరచెయ్యి పైకి తిప్పబోయింది. చెయ్యి సగం తిరిగి ఆగిపోయింది.

"యేసయ్యా!" అని పిల్ల చర్చి అదిరేలా కేక పెట్టింది.

కళ్ళు మూసుకుని ఉన్నవాళ్ళందరూ భక్తిగా "ఆమెన్" అన్నారు.

మార్తమ్మ అనలేదు. పిల్ల మోచేతి పక్కన, ఉండకూడని చోట, ఆమె వేళ్ళకో బుడిపె తగిలింది.

మర్నాడు కొడుకు హెన్రీని వెంటబెట్టుకుని పిల్లను ఏలూరు ఎముకల డాక్టరు ఇక్బాల్ దగ్గరకు తీసుకెళ్ళింది. ఆయన కొత్త ఎక్స్‌రే చూసి నిట్టూర్చాడు.

"అప్పుడు ముంజెయ్యి వరకే తీశారు మామ్మగారూ. మోచెయ్యి ఫొటోలో పడలేదు. ఒక ఎముక విరిగినప్పుడే పక్క ఎముక మోచేతి దగ్గర కీలు తప్పింది. అదెవరూ చూడలేదు. పాప చెయ్యి తిప్పకపోవడం కాదండీ, అది తిరగదు."

మార్తమ్మ గుబులంతా నోట్లోంచి కోపంగా బయటికొచ్చింది. "అయితే ఇప్పుడు లాగి కూర్చోబెట్టండి బాబూ!"

"దెబ్బ తగిలిన కొత్తలో అయితే అలాగే కూర్చోబెట్టి, ఎముక లోపలికి సన్నటి రాడ్డు తోస్తే సరిపోయేదండి. ఇప్పుడు ఎముక వంకరగా అతుక్కుంది. దాన్ని కోసి, సరిచేసి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించాలి. అప్పుడే పక్కది దాని చోటికొస్తుంది."

"అతుక్కున్నదాన్ని మళ్ళీ విరగ్గొడతారా! మా హెన్రీ బాగుచేసే చెరువు మోటార్లకి కూడా ఇన్ని స్క్రూలుండవండీ. ఆ సన్నదే వేసెయ్యండి. చిన్నపిల్ల, సన్నదే నప్పుద్ది."

"గాజులు కాదండీ నప్పడానికి. రాడ్డు వంగుద్ది. మనం సరిచేసిన ఎముక కదలకుండా ఉండాలంటే ప్లేటే గట్టి. ఆలస్యం చేస్తే ఆ చెయ్యి ఇక ఇంతే."

"అక్కర్లేదు. ఇంటికెళ్ళి ప్రార్థన చేసుకుంటాం. లేరా హెన్రీ!"

తల్లి మాటకు ఏనాడూ ఎదురు చెప్పని హెన్రీ నేల చూపులు చూస్తూ లేచాడు. డాక్టరు ఇక పెద్దవాళ్ళను వదిలేసి పిల్లవైపు తిరిగాడు. "నువ్వేమైనా అడుగుతావా అమ్మా?"

ఏంజెల్ నాయనమ్మ వంక బెదురుగా చూసి, గొంతు తగ్గించింది. "ఎడంచెయ్యి చాపితే కొట్టొద్దని మా నానమ్మకి మందుల చీటీలో రాసిస్తారాండీ?"

మార్తమ్మ మళ్ళీ కుర్చీలో కూలబడింది. పిల్లను దగ్గరకు లాక్కుందామని చేతులు చాపి, నొప్పి పుడుతుందేమోనని భయపడి ఆపేసింది.

"రాయండి బాబూ," అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "నాకు చదువు రాదు, మా హెన్రీ రోజూ చదివి వినిపిస్తాడు. ఆపరేషను ఏ రోజో కూడా ఆ కాయితం మీదే రాసెయ్యండి."