చిన్నదొర ఊదుకున్న చారు

ఒరే అబ్బాయ్, నిన్నే! పక్క గాజుపెట్టెలో కత్తి కనబడగానే నోరు వెళ్లబెట్టుకుని అటు పరిగెత్తావేం? అది చేసిన ఘనకార్యం ఏమిటో తెలుసా? మూడు తరాలపాటు పట్టుసంచిలో ముడుచుకుని నిద్రపోయింది. ఇటు రా, నా ముందు నిలబడు. ముందు ఆ చొక్కా గుండీ చూసుకో, ఒకటి తప్పి పెట్టుకున్నావు. చూసుకున్నావా? అన్నీ సరిగ్గానే ఉన్నాయిలే. ఇంత తేలిగ్గా నమ్మేవాడు దొరకడం నా అదృష్టం.

నేను ఒక చెక్కగిన్నెని. చారు తాగే గిన్నెని. నవ్వితే నవ్వావు గానీ పూర్తిగా విని వెళ్లు. జపాన్‌లో సమురాయ్‌లు నడుముకి రెండేసి కత్తులు దోపుకుని తిరిగిన కాలంలో ఒక ముసలమ్మ తల తెగకుండా ఆపింది ఈ గిన్నే. కత్తులన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు.

నా పుట్టుక సామాన్యమైనది కాదు. కొండల్లో పెరిగిన మానుని కోసి, దాన్ని తిప్పుతూ తిప్పుతూ తొలిచి, గోరంత మందం మిగిల్చాడు ఒక పనివాడు. ఇంకొకడు ఒక రకం చెట్టు పాలు తెచ్చి పూత మీద పూత వేశాడు. ఆ పాలు తగిలి వాడి చేతులు దద్దుర్లెక్కి వాచిపోయాయి. ఎండలో ఆరే రకం కాదు నా పూత, చెమ్మ గదిలో పెట్టి ఆరబెట్టాలి. అప్పడాలూ వడియాలూ ఎండలో ఆరతాయి, మా దర్జా వేరు. బయట నలుపు, లోపల ఎరుపు, మూత మీద బంగారు కొంగ. నాలో సలసల కాగే చారు పోసినా పట్టుకున్న చేతికి తెలియదు. లోపలి సంగతి బయటికి పొక్కనివ్వను. ఈ గుణం మనుషుల్లో ఎవరికైనా ఉంటే చెప్పు, వాడికి దణ్ణం పెడతాను.

తయారవగానే కొండల మధ్య ఒక చిన్న సంస్థానంలో పెద్దదొర భోజనాల గదికి చేరాను. అక్కడ చూడాలి మనుషుల తెలివి! దొరకి ఎవరు విషం పెడతారోనని వంటింట్లో ఒకడు చారు రుచి చూస్తాడు. చస్తాడేమోనని అందరూ వాడి మొహం చూస్తూ కూర్చుంటారు. వాడు చావడు. తర్వాత నడవలో ఇంకొకడు, గుమ్మం దగ్గర మరొకడు. అంతా బతికి బట్టకట్టాక చారు దొర ముందుకి వస్తుంది, చెరువు నీళ్లలా చల్లగా. ఊళ్లో కట్టెలు కొట్టుకునేవాడు పొగలు కక్కే చారు జుర్రుకుంటుంటే, ఆ ఊరినేలే దొర పుట్టి బుద్ధెరిగాక వేడి చారు మొహం చూడలేదు. ఏ దొర కోటలోనైనా ఇదే పద్ధతి.

పెద్దదొర కాలం చేశాడు. ఆయనకి ఒక్కడే కొడుకు, సెన్మారు. ఐదేళ్లప్పుడు మేనమామ కోటకి పంపారు, అక్కడే దొరబిడ్డగా పెరిగాడు. అతన్ని తీసుకురావడానికి ముఖ్యమంత్రి ఒనోదెరా వెళ్లాడు. తిరిగొస్తుంటే నదిలో పడవ మునిగిందట. మేనమామ పంపిన మనుషులంతా పోయారట. చిన్నదొర, ఒనోదెరా మాత్రం ఒడ్డున పడ్డారట. ఇన్ని 'అట'లకీ ఒనోదెరా మాటే సాక్ష్యం. పెద్దయ్యాక సెన్మారు ఎలా ఉంటాడో మా కోటలో ఎవరికీ తెలియదు.

కుర్రాడు అందంగా ఉన్నాడు. నడక దొర నడక, కూర్చోవడం దొర కూర్చోవడం. కొలువంతా మురిసిపోయింది. అప్పుడు అతనికి పాలిచ్చి పెంచిన దాది ఒకినేని పిలిచారు. ఆవిడ దగ్గరికొచ్చి, మొహంలో మొహం పెట్టి చూసి, "ఈ బాబు నా బాబు కాదు" అంది.

"ముసల్దానా, నీ కళ్లకి పొరలు కమ్మాయి!" అన్నాడు ఒనోదెరా.

"కమ్మితే కమ్మాయి మంత్రిగారూ. పాలు తాగుతూ నన్ను కండ ఊడేలా కొరికిన పిల్లాణ్ణి కళ్లుంటేనే గుర్తుపడతానా?"

దొరని దొర కాదంటే అక్కడ తల తీసేస్తారు. పట్టాభిషేకం విందు కాగానే ముసలమ్మ తల తియ్యమని ఒనోదెరా ఉత్తరువు ఇచ్చాడు.

కొలువులో జరిగే తప్పుల కూపీ లాగడం కుసాకాబే జింపాచి అనే సమురాయ్ ఉద్యోగం. బానపొట్ట, దాని మీద రెండు కత్తులు, ఆ రెండింటికంటే పొడుగైన గొప్పలు. కానీ మనిషి మంచివాడు. ఏ రుజువూ లేకుండా తల తియ్యడం అతనికి మింగుడుపడలేదు. చెరసాలకి వెళ్లి అడిగాడు.

"అవ్వా, నీ బాబుకి పుట్టుమచ్చ ఏదైనా ఉందా?"

"ఉంటే ఈపాటికి వీడికీ పొడిపించి ఉండరూ?"

"పోనీ, పొరబడ్డానని ఒక్కమాట అను. తల నిలుస్తుంది."

"ఈ తలకి ఇంకేం జడలు అల్లించుకోవాలి నాయనా? నా బిడ్డ ఎక్కడో ఉన్నాడు. నేను పొరబడ్డానంటే వాణ్ణి వెతికేవాడుండడు."

జింపాచి కుర్రాడి వెంట నీడలా తిరిగాడు. దస్తూరీ చూశాడు, పద్యం చెప్పించాడు, గుర్రం ఎక్కించాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. విందు రోజు పొద్దున్న దిగాలుగా వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడ్డాడు. ఎదురుగా వంటవాడు చారు గిన్నె ఎత్తి ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటూ తాగుతున్నాడు. జింపాచి కాసేపు వాడి మూతినే చూశాడు. తర్వాత లేచి వాడి చెవి పట్టుకుని మూలకి లాక్కెళ్లాడు.

"ఇవాళ చిన్నదొరకి చారు మరుగుతుండగా పోసి పంపు. ఎవరూ రుచి చూడకూడదు."

"అయ్యబాబోయ్! నోరు కాలదూ?"

"నిజం దొరైతే కాలుతుంది. దొరలకి ఊదే అలవాటు ఎక్కణ్ణించి వస్తుంది? దొంగ దొరైతే ఊదుకుంటాడు."

"కాలితే మన గతేమిటండీ?"

"దొర నోరు కాల్చినందుకు సమురాయ్‌ల ఆనవాయితీ ప్రకారం నేను పొట్ట కోసుకుని చస్తాను. నువ్వు ఈలోపల పారిపో."

అంత పెద్ద పొట్ట కోసుకోవడం మాటలా! అయినా అతను సిద్ధపడ్డాడు. అందుకే అతనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మరుగుతున్న చారు నాలో పోసి, మూత పెట్టి పంపారు. సభలో కొలువంతా తలలు వంచుకుని కూర్చుంది. దొర తింటుంటే చూడకూడదు. తలుపులు తీసి ఉన్నాయి. ముంగిట్లో చాప మీద ఒకినే మోకాళ్ల మీద కూర్చుని ఉంది, పక్కన కత్తిపట్టినవాడు ఉన్నాడు. కుర్రాడు నా మూత తీశాడు. రెండు చేతులతో ఎంతో నాజూకుగా నన్ను ఎత్తాడు. పెదవుల దాకా తెచ్చుకున్నాడు.

ఉఫ్!

ఆ చిన్న చప్పుడికి జింపాచి స్ప్రింగులా లేచాడు.

"దొరా! ఇప్పుడేం చేశారు?"

"ఏం చేశాను?"

"ఊదారు."

"చారు వేడిగా ఉంటుంది కదా, అందుకని..."

"ఉంటుందని తమరికెవరు చెప్పారు? ఏ కోటలో తాగారు వేడి చారు?"

"ఎవడైనా ఊదుకుంటాడు!" అని ఒనోదెరా అరిచాడు. "ఎవడైనా ఊదుకుంటాడు మంత్రిగారూ, దొర తప్ప" అన్నాడు జింపాచి. కుర్రాడి చేతుల్లోంచి నేను జారిపోయాను. చారంతా జింపాచి చేతిమీద ఒలికింది. అతను "అమ్మోయ్!" అని చెయ్యి విదిలించుకుంటూనే కుర్రాడి మెడ పట్టుకున్నాడు.

"బాబోయ్, నేను నాటకాలవాణ్ణండీ! రాజు వేషాలు వేస్తాను. ఈయనే నెలరోజుల పని అని తీసుకొచ్చాడు!" అని వాడు బావురుమన్నాడు.

కీలుబొమ్మని గద్దెనెక్కించి తానే ఏలాలనుకున్నాడు ఒనోదెరా. అసలు సెన్మారు అతని పల్లెటూరి ఇంటి గాదెలో, ధాన్యం బస్తాల వెనక దొరికాడు. దొరబిడ్డ రక్తం కళ్లజూసే ధైర్యం లేక బతకనిచ్చాడు పాపాత్ముడు. కట్లు విప్పిన ఒకినే చేతుల్లోకి ఆ పిల్లాడు వచ్చి పడితే, ఆవిడ ఏడుస్తూనే "ఏవీ, పళ్లు చూపించు!" అంది.

కొత్త దొర నన్ను జింపాచికి బహుమానంగా ఇచ్చాడు. చేతికి కట్టు కట్టుకుని అతను ఊరంతా తిరిగాడు. ఇంటికొచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "మరిగే చారు! చెయ్యి కమిలిపోయినా వదల్లేదు నేను!" అని చెప్పేవాడు.

సరే అబ్బాయ్, ఇప్పుడు నా వంతు. ఆ రోజు నన్ను పట్టుకెళుతున్నవాణ్ణి నడవలో రుచి చూసే ముసలాయన ఆపాడు. "నన్ను దాటి చారు పోవడమా? నా తాతల కాలంనుంచి లేదు!" అన్నాడు. తాగాడు. చస్తానేమోనని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒక కునుకు తీశాడు. సభలోకి వచ్చేసరికి నాలో చారు మంచు ముక్క. దొంగ దొర చల్లటి చారుని ఊదాడు! పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటు మరి.

నేను బయటికి పొక్కనిస్తానా? ఇంత దూరం వచ్చినా నీకే తెలియనివ్వలేదు.

ఒకరోజు ఒకినే మందు రాయడానికి వచ్చి జింపాచి చేతి కట్టు విప్పింది. బొబ్బ లేదు, మచ్చ లేదు, పసిపిల్ల చెయ్యిలా నున్నగా ఉంది. కళ్లకి పొరలున్నా వేళ్లకి లేవు కదా! తడిమి తడిమి చూసింది. జింపాచి మొహం పక్కకి తిప్పుకుని, "మాడిపోయిందా అవ్వా?" అన్నాడు.

"అయ్యో నాయనా, ఎంత కాలిపోయిందో!" అని ఆవిడ మందు దట్టంగా రాసి, ఇంకో రెండు చుట్లు ఎక్కువ వేసి కట్టు కట్టింది.