పారబోసిన జావ

జగిత్యాల నుంచి కోరుట్లకు బయల్దేరిన కల్పనకు ఆ రోజు నాలుగు పనులున్నాయి. కొడుకు సాయికిరణ్‌కు డాక్టర్ రాసిన మందు కొనాలి. తల్లిగారింట్లో మిగిలిన పల్లిపట్టీలు ఎవరికైనా ఇచ్చేయాలి. భివండిలో మగ్గాల పనికి పోయిన భర్త దివాకర్‌కు, పిల్లవాడు బాగానే ఉన్నాడని ఫోన్ చేయాలి. కోరుట్లలో అత్త దుర్గవ్వకు తప్పయిందని చెప్పాలి.

మొదటి మూడూ బస్సెక్కేలోపు గంటలో అయిపోయాయి. నాలుగోదాన్ని ఎలా మొదలుపెట్టాలో బస్సులో దారంతా వెతుక్కుంది.

పిల్లవాడికి ఆరు నెలలు నిండినప్పుడు సిరిసిల్లలోని అత్తగారింట్లో దుర్గవ్వ వేయించిన పల్లీలు మెత్తగా దంచి చిటికెడు జావలో కలిపింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది కల్పన ఒక్కతే. మూడేళ్ల దాకా పల్లీ ముట్టించొద్దని ఏదో పాత పుస్తకంలో చదివింది. గిన్నె గుంజుకుని మోరీలో పారబోసింది.

"సదువురాని చేతులతోని నా కొడుకును ముట్టకు!" అంది, వాడకట్టు ఆడవాళ్లందరి ముందు.

మర్నాడే దుర్గవ్వ కోరుట్లలో ఉండే తన కూతురు దీప దగ్గరికి వెళ్లి బీడీలు చుట్టుకోసాగింది.

మొన్న జగిత్యాలలో తల్లిగారింట్లో, ఏడాదిన్నర పిల్లవాడు పల్లిపట్టీ కొరకగానే పెదవులు వాచి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. "ఆరు నెలలప్పుడే పల్లీలు మెత్తగా చేసి కొంచెం కొంచెం పెడితే చాలామందికి ఈ అలర్జీ రాదమ్మా. మీ బాబుకు ఆలస్యం వల్లే వచ్చిందని మాత్రం ఖాయంగా చెప్పలేను" అన్నాడు డాక్టర్.

దీప వాకిట్లో నలుగురు చాటలు ముందేసుకుని బీడీలు చుడుతున్నారు.

"డిగ్రీ కోడలచ్చింది, చాటలు జరుపుండ్రే! గివి గూడ మోరీల పోస్తది!" అంది వాళ్లలో ఒకామె, మల్లక్క. అందరూ నవ్వారు.

దుర్గవ్వ నవ్వలేదు. మనవణ్ని చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది, ఎత్తుకోలేదు.

"పోరనికి ఒళ్లంత వాచిందని దీప చెప్పింది బిడ్డా. నువ్వు గిన్నె గుంజకముందే గోరంత జావ వాని నాలికకు రాసిన. గందుకే గిట్లయిందా పోరనికి?"

అవునన్నా నమ్మేటట్టుంది. కల్పనకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నలుగురిలో అన్నది, ఈ రోజూ నలుగురిలోనే చెప్పాలి.

"నీ తప్పు గాదత్తమ్మా. నువ్వే సరిగ్గ పెట్టినవ్. పారబోసింది నేను."

పిల్లవాణ్ని ఆమె ఒడిలో కూర్చోబెట్టింది. దుర్గవ్వ చేతులు చాలాసేపు వాణ్ని ముట్టలేదు.

మీ ఇంట్లో పసిబిడ్డకు మొదటిసారి జావ కలిపే రోజున, పల్లీల గురించి డాక్టర్‌ను ఒక మాట అడగండి. ఆ దుర్గవ్వను ఒక్కసారి యాది చేసుకోండి.