మూడు విజిళ్ల పప్పు

పనిమనిషి యాదవ్వ చేతులు వాసన చూసి రమ్మని భర్త చెప్పినప్పుడు లతకు తల కొట్టేసినట్టయింది.

“సబ్బు వాసనొస్తదేమో సూడు. గా చేతులే తొట్ల పెడుతుండొచ్చు,” అన్నాడు వీరేందర్.

హాల్లోని గాజుతొట్టిలో ఉన్నవి ఉప్పు కలిపి తయారుచేసిన సముద్రపు నీళ్లు. అందులో రాళ్లకు అతుక్కుని పగడాలు బతుకుతాయి. తుర్కపల్లి ల్యాబు నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే వీరేందర్ వాటి ముందు నిలబడేవాడు. దసరా దాటినప్పటి నుంచి అవి పువ్వుల్లా విచ్చుకోవడం మానేశాయి. ఒకటి అంచుల నుంచి తెల్లబడింది. రాళ్లకు నాచు పట్టింది. ప్రతి ఆదివారం నీళ్లు పరీక్షిస్తే, పగడాలకు పడని నైట్రేటు కిందటి వారం కన్నా ఎక్కువే. లైటు మార్చాడు, చేపలకు మేత తగ్గించాడు. ఇక అనుమానించడానికి మనుషులే మిగిలారు.

“ఆవిరైనన్ని నీళ్లు రోజూ పోస్తున్న. ఫిల్టరు నీళ్లే. మెషీన్ దగ్గర మీటరు పెట్టి సూస్తే సక్కగున్నయి. ఇంట్ల బయటి మనిషి యాదవ్వొక్కతే. ఒకటో తారీఖు నుంచి వద్దని చెప్పు.”

ఆరేళ్లుగా లాల్‌గడి మలక్‌పేట నుంచి పొద్దున్నే పనికొచ్చే మనిషి. సంగతి చెవిన పడగానే భగ్గుమంది.

“అద్దం తుడుస్త గని నీళ్లల్ల ఏలు సుత పెట్టలే లతమ్మా! గా ముడుసుకున్న పూలతోని నాకేం పగ?”

లత సగం నమ్మింది. తన మీద తనకే రోత పుడుతున్నా, వారం రోజులు యాదవ్వ వెనకాలే తిరిగింది. చీపురు, గుడ్డ, బకెట్టు తప్ప ఏమీ కనబడలేదు.

ఆదివారం అన్నం తింటూ వీరేందర్, “పప్పు వెన్నలెక్కున్నదమ్మా. ఇదివరకు రాళ్లు నమిలినట్టుండె,” అన్నాడు.

తల్లి దుర్గాబాయి ముఖం వెలిగిపోయింది. “మూడు విజిల్లకే అయితాంది కొడుకా.”

లత చేతిలో ముద్ద ఆగింది. మేడ్చల్ బోరు నీళ్లలో కందిపప్పు ఎనిమిది విజిళ్లకైనా గింజగానే ఉంటుంది. ఎప్పటి కొట్టు నుంచే తెస్తున్న పప్పు, దసరా నుంచి మెత్తగా ఉడుకుతోంది. మారితే నీళ్లే మారి ఉండాలి.

మర్నాడు అతను వెళ్లాక, నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే మీటరు తీసుకుంది. మెషీను గొట్టం దగ్గర పన్నెండు చూపించింది. ఆ నీళ్లు పట్టి ఉంచే క్యానులో ముంచితే ఆరువందల నలభై. వీరేందర్ క్యానులో ఎన్నడూ ముంచి చూడలేదు.

తలుపు చాటున నిలబడింది. పదింటికి దుర్గాబాయి వచ్చి, క్యానులోంచి చిన్న బిందెడు నీళ్లు వంటకు వంచుకుంది. బోరు నల్లా కింద బిందె పట్టి, అన్ని నీళ్లూ తిరిగి క్యానులో పోసింది.

“అత్తమ్మా!”

దుర్గాబాయి బిందె దించింది. “గింజ తగిలితే కంచం నూకుతడు గదా వాడు. నీళ్లకు నీళ్లు పోసిన. కమ్మి కానియ్యలే.”

“ఆ బోరు నీళ్లల్ల ఉన్న నైట్రేటుకే పగడాలు సచ్చిపోతున్నయి. యాదవ్వను తీసేస్తున్నరు. మీరు వినలేదా?”

“విన్న,” అంది దుర్గాబాయి.

ఆ రాత్రి వీరేందర్ మొదటి ముద్దకే మొహం చిట్లించాడు. “మళ్ల రాళ్లేందమ్మా?”

“బోరు నీళ్లతోని వండిన. ఇన్నొద్దులు నీ తొట్టి నీళ్లు పప్పుల పోసింది నేను. క్యాన్ల బోరు నీళ్లు నింపింది నేను. యాదవ్వ గాదు. ఇగ గిట్లనే ఉంటది, తింటే తిను.”

కంచం నెట్టబోయిన చెయ్యి, లత చూపు తగిలి ఆగిపోయింది. అతను గింజలు నములుతూ కూర్చున్నాడు.

“యాదవ్వకు నువ్వే చెప్పు, మానొద్దని,” అన్నాడు చివరికి.

“చేతులు వాసన చూడమన్నది మీరు. మీరే చెప్పండి.”

“నా క్యాబు ఎనిమిదింటికే గదా.”

“ఆమె ఏడింటికొస్తది,” అంది లత, మరో గరిటె పప్పు వడ్డిస్తూ.