అరిగిన బిళ్ళలో వేడి

ఆదివారం భోజనం కాగానే కళ్ళజోళ్ళ షాపాయన చేతులు సబ్బుతో కడుక్కుని, బల్ల మీద నల్ల మఖమల్ గుడ్డ పరిచి, పాత గ్రీకు కంచు నాణేల పెట్టె తెరుస్తాడు. వారమంతా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేసే మనిషి, ఆ పూట మాత్రం భూతద్దంలోంచి తప్ప లోకాన్ని చూడడు. చొక్కా గుండీలంతేసి బిళ్ళలు. ఒకదాని మీద గుడ్లగూబ, ఒకదాని మీద పొడవబోతున్న ఎద్దు, ఇంకోదాని మీద ముక్కు అరిగిపోయినా టెక్కు తగ్గని దేవుడు. అన్నిటికీ పచ్చని చిలుం. ఆ చిలుం గీకినవాడు ఆయన దృష్టిలో హంతకుడి కింద లెక్క.

నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తాలి. చెమట తగిలితే పాడవుతుందని ఒక కారణం. రెండోది అందరికీ తెలిసిందే. పాత కంచు, ఆఖరున తనని గుప్పిట్లో పట్టుకున్న చేతి వేడిని దాచుకుంటుంది. ఎన్ని వందల ఏళ్ళయినా సరే, మళ్ళీ ఎవరో గుప్పిట మూసేదాకా చల్లారదు. మూశారో, ఆ వేడి మొత్తం వాళ్ళకి ఎక్కేస్తుంది. ఇక అందులో మిగిలేది వాళ్ళ సొంత వేడే. ఆయన స్నేహితుడు పళ్ళ డాక్టరు ఒకసారి పరాకున ఎద్దు బిళ్ళని గుప్పిట్లో బిగించి, ఏ కాలపు సైనికుడిదో కైపు నెత్తికెక్కి, చీకటి పడేదాకా గోడలు పట్టుకుని నడిచాడు.

"మీ గ్రీకుల చేతులు పదిలం! అంట్లు తోమి అరిగిపోయేది నా చేతులే. నన్ను కూడా ఆ పెట్టెలో పెట్టరాదూ?" అనేది భార్య.

ఆమె పోయి ఏడాది దాటింది. జ్వరంతో పడుకున్నప్పుడు, "ఒక్కసారి ఆ గుడ్లగూబలో ఉన్న చెయ్యి పట్టుకోనివ్వండి" అని అడిగింది. ఆయనకి ప్రాణం ఒప్పలేదు. పెట్టె అడుగు నుంచి బొమ్మా గిమ్మా లేకుండా నున్నగా అరిగిపోయిన బిళ్ళ తీసి చేతిలో పెట్టాడు. అది ఎప్పుడో ఆయన పట్టుకున్నదే. ఆమె గుప్పిట మూసి, "మీదే కదూ" అని నవ్వింది. తెల్లారేసరికి లేదు.

అప్పటి నుంచీ ఆ పనికిరాని బిళ్ళే పెట్టెలో పైన ఉంటోంది.

"ఎన్నాళ్ళు అంచులు పట్టుకుని తిప్పుతావోయ్? ఒక్కసారి గుప్పిట మూసెయ్, మనసు తీరుతుంది" అనేవాడు పళ్ళ డాక్టరు.

"మూస్తే అయిపోతుందిరా."

ఓ ఆదివారం కూతురు చెప్పాపెట్టకుండా వచ్చింది. దూరంగా రేవులో క్రేను నడుపుతుంది. తల్లి పోయాక ఈ గడప తొక్కలేదు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మ ఆఖరున పట్టుకున్న బిళ్ళ నీ దగ్గరుందట."

"ఎవరు చెప్పారే?"

"అందరి పళ్ళూ పీకేవాడి నోట్లో మాట ఆగుతుందా? ఇటివ్వు."

"ముందు కూర్చో తల్లీ. మంచినీళ్ళు తాగు."

"నీళ్ళు తర్వాత. ఆ రోజు ఫోన్లో ఏమన్నావు? మామూలు జ్వరమే, డ్యూటీ చూసుకుని నెమ్మదిగా రమ్మన్నావు. నిజం చెప్పి ఉంటే అమ్మ చెయ్యే పట్టుకునేదాన్ని. బిళ్ళ కోసం దేబిరించే గతి పట్టేది కాదు."

"మామూలు జ్వరమనే అనుకున్నానే."

"నుదుటి మీద చెయ్యి వేసి చూశావా నాన్నా?"

ఆయన భూతద్దాన్ని ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టాడు. తర్వాత అరిగిన బిళ్ళని అంచులు పట్టుకుని తీసి, అందించాడు.

కూతురు గుప్పిట మూసింది. తల్లి వేళ్ళు దొరికినట్టు ముందు పెదవులు విచ్చుకున్నాయి. అంతలోనే మొహం మారిపోయింది.

"కాలిపోతోంది నాన్నా. అమ్మకి ఇంత జ్వరమా?"

పొద్దున్నే కాఫీ గ్లాసు అందించే చేతి గోరువెచ్చదనమే అందులో ఉందనుకుని, ఏడాదిగా కళ్ళలో పెట్టుకుని కాపాడాడు ఆయన. కూతురు గోడకి ఆనుకుని జారిపడింది. ఆయన ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. పెట్టె తెరిచినట్టే వదిలేసి, పిల్లని భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తి, కనపడ్డ మొదటి బండి ఆపాడు.

"ఎప్పటి నుంచీ జ్వరం?" ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"ఏడాది దాటిందండి. వాళ్ళమ్మది."

ఆవిడ తలూపి సూది తీసింది. "వెంటనే తెచ్చి మంచిపని చేశారు. ఈ మందుకి లొంగుతుంది. ఆలస్యమైతేనే చెయ్యి దాటిపోతుంది."

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. ఆ మందు ఖాళీ సీసా చిటికెన వేలంత కూడా లేదు. దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

జ్వరం దిగాక కూతురు కళ్ళు తెరిచింది. గుప్పిట్లో బిళ్ళ మామూలుగా ఉంది, ఆమె ఒంటి వేడే.

"నీకు మిగల్చకుండా అంతా నేనే తీసేసుకున్నాను నాన్నా."

"నాకెందుకే పిచ్చిపిల్లా. నేను ముందే ఓసారి పట్టుకున్నాలే."

పుట్టింది మొదలు ఆ పెట్టె పక్కనే పెరిగిన పిల్ల. ఒకరు పట్టుకున్నాక రెండోవాళ్ళకి మిగలదని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"అలాగా. అయితే సరే" అంది.

దుప్పటి మొహం మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది.