పదిహేనో అర

కొంచెం ఇలా దగ్గరికి జరిగి కూర్చో నాయనా, నా గొంతు పెద్దది కాదు. నేను ఒక సర్క్యూట్ బోర్డును. అరచేతిలో పట్టే పచ్చని పలక, నడుమ ఓ చిన్న ప్రాసెసర్, అంతే నా ఒళ్లు. వేటపడవల్లో కూర్చుని, పడవ ఎక్కడుందో ఒడ్డుకు చెబుతూ ఉండటం మా పని. చదువు లేదు గానీ, నన్ను పట్టుకున్న చేతులన్నీ గుర్తున్నాయి.

మొదటి చెయ్యి పైడితల్లిది. విశాఖలో ఒక చిన్న కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా టంకం పెట్టే మనిషి. అతుకు అతుకూ భూతద్దంలో చూసుకుని, బాగుందనుకుంటే మూలన తన గోళ్లరంగుతో ఎర్రటి చుక్క పెట్టేది. ఆ చుక్క ఉన్న బోర్డును ఎవరూ మళ్లీ పరీక్షించేవారు కాదు. నాకూ పెట్టింది. నోటితో ఊది ఆరబెట్టింది కూడా.

కొన్నాళ్లకు మేము పనిమధ్యలో మూగబోవడం మొదలైంది. పడవలవాళ్లు గోల పెట్టారు. కారణం వెతకమని ఇందుమతి అనే ఇంజనీరుకు అప్పగించారు. మంచి పిల్ల. కెర్నల్ అంటే మా లోపల అందరికీ పనులు పురమాయించే పెద్ద. దానికి అందే మాటలు చాటుగా వినే ప్రోబ్ మాడ్యూల్ ఒకటి రాసింది. మాలో నడిచే ప్రోగ్రాము ఎంతసేపు ఆగాలని కెర్నల్‌కు చెబుతోందో ఆ అంకె పట్టుకోవాలని ఆమె ఆశ. తన బల్లమీది కంప్యూటర్లో నడిపితే చక్కగా పట్టింది. నాకోసం మళ్లీ కంపైల్ చేస్తే, అంటే నా ప్రాసెసర్ భాషలోకి మారిస్తే, తప్పేమీ చూపలేదు. నాలో దింపింది.

అక్కడే వచ్చింది తంటా. ఒక్కో ప్రాసెసర్‌ది ఒక్కో వంటిల్లు. బల్లమీది దాని ఇంట్లో ఆ అంకె పదిహేనో అరలో ఉంటుంది, నా ఇంట్లో మొట్టమొదటి అరలోనే. మాడ్యూల్ మాత్రం ఏ ఇంటికెళ్లినా పదిహేనో అరే తెరిచేది. నా పదిహేనో అరలో అప్పటికప్పుడు పడేసిన చిల్లరమల్లర తప్ప ఏముంటుంది? అందుకే చూసినప్పుడల్లా ఒక కొత్త అంకె. మనుషులు తాము వెతికిన చోటును అనుమానించరు నాయనా, అక్కడ దొరికినదాన్నే అనుమానిస్తారు.

అంకెలు నిలవడం లేదంటే అతుకులు వదులేనని సూపర్‌వైజర్ తేల్చేశాడు. పైడితల్లిని పిలిచి, వయసు మీదపడింది, చెయ్యి వణుకుతోంది, రేపటినుంచి రావద్దన్నాడు.

"నా టంకం ఊడదు బాబూ. ఓపాలి భూతద్దంలో సూడండి" అంది ఆమె.

ఎవరూ చూడలేదు. ఇందుమతి కూడా తెరమీది అంకెలకేసి చూస్తూ కూర్చుంది.

ఇందుమతి సొరుగులో ఉండిపోయిన నన్ను తప్ప, మిగతా బోర్డుల అతుకులన్నీ వేరేవాళ్ల చేత కొత్తగా వేయించారు. బోర్డులు మూగబోతూనే ఉన్నాయి. మూడు నెలలకు ఇందుమతికి తాను వెతికిన చోటుమీదే అనుమానం వచ్చి, కొత్త అతుకులు పడని నన్ను బయటికి తీసి మొదటి అర తెరిచింది. అంకె కదలకుండా నిలబడి ఉంది. సెకను ఆగమనాల్సిన ప్రోగ్రాము గంట ఆగమంటోంది. నేను చెడిపోలేదు నాయనా, ఆగమంటే ఆగాను.

ఇందుమతి నన్ను సంచిలో వేసుకుని పైడితల్లి ఇంటికి పరుగెత్తింది. తప్పు తనదేనని, పనిలోకి మళ్లీ రమ్మని బతిమాలింది.

"సెయ్యి వణుకుతోందని అందరూ అంటుంటే నిజవే అనుకున్నానమ్మా," అంది పైడితల్లి. "ముగ్గెయ్యడం కూడా మానీసేను."

నన్ను చేతిలోకి తీసుకుని, ఎర్రచుక్క మీద వేలు పెట్టింది. ఎన్నడూ వణకని వేలు అప్పుడు వణికింది. నన్ను మెల్లగా ఇందుమతికి తిరిగిచ్చేసి, "ఇంక ఈ సుక్క నానెట్టలేను" అంది.

ఆ తరువాత కొత్తరకం బోర్డులొచ్చాయి, నేను తుక్కుపెట్టెలో పడ్డాను. చుక్క మాత్రం చెరగలేదు, ఇదిగో చూడు. నువ్వు వెళ్లిన చోటల్లా ఈ సంగతి చెప్పు నాయనా. పైడితల్లి పెట్టిన అతుకు ఒక్కటీ ఊడలేదని చెప్పు. ఆమె గుమ్మం ముందు నుంచి వెళ్లేవాళ్లెవరైనా ఉంటే, ముగ్గు పడిందేమో చూసి రమ్మను.